రాజీనామా అని రాయించుకుని ఆపేశారు, ఈఎస్‌ఐ నుంచి డబ్బు వస్తుందా?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో 2022 జనవరి నుంచి కాంట్రాక్టు మీద పనిచేశాను. 2024 ఏప్రిల్‌లో కాంట్రాక్టరు మారాడు కానీ మా పని మారలేదు, అదే లైను, అదే సూపర్‌వైజరు. ఆర్డర్లు తగ్గాయని 2025 ఆగస్టు 30 శనివారం పద్దెనిమిది మందిని ఒకేసారి ఆపేశారు. ఆఖరి జీతం ఇస్తూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. తర్వాత తెలిసింది, అందులో ‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అని ఉందట. ఆఖర్న నా గ్రాస్ 17,500. ప్రతి నెలా ఈఎస్‌ఐ, పీఎఫ్ కటింగ్ అయ్యేవి. పని పోయినవాళ్లకు ఈఎస్‌ఐ డబ్బు ఇస్తుందని నెట్ సెంటర్ అతను చెప్పాడు. పెట్టి చూస్తే ‘అర్హత లేదు’ అని వచ్చింది. మూడు వేలిస్తే ఎలాగోలా చేయిస్తానంటున్నాడు. నిరుద్యోగ భృతి అంటే ఇదేనా? నాకు వచ్చేది ఎంత? – పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, డబ్బు వచ్చే మాట నిజం. ఆ మూడు వేలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఈ క్లెయిముకు ఫీజు లేదు. మీకు ‘అర్హత లేదు’ అని రావడానికి కారణం మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది, దాన్ని సరిచేయాల్సింది ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసే. నెట్ సెంటర్ వల్ల అయ్యే పని కాదు.

ముందు ఇది ఏ డబ్బో తెలియాలి. నిరుద్యోగ భృతి అనగానే మనకు గుర్తొచ్చేది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది, ఇస్తామనేది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం అలాంటిది. చదువు అయిపోయి పని దొరకని యువతకు అప్పట్లో నెలకు వెయ్యి రూపాయలిచ్చారు. మీరడిగేదానికీ దానికీ సంబంధం లేదు. ఇది మీరు కట్టుకున్న బీమా. 17,500 జీతం మీద మీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 132 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 569 రూపాయలు. ఆ చందా మీద వచ్చే హక్కుల్లో ఇదొకటి. దీని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలుపెట్టి విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు, మీ పని పోయేనాటికి అమల్లో ఉన్న పొడిగింపు 2026 జూన్ 30 దాకా. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవారు, 2020లో కరోనా సమయంలో దాన్ని 50 శాతం చేశారు. జీవితకాలంలో మొత్తం 90 రోజులకు మించి రాదు.

షరతులు ఇవి. పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ కింద ఉద్యోగం చేసి ఉండాలి. ఈఎస్‌ఐలో ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తారు, ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 ఇంకొకటి. పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజులు, దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా పడి ఉండాలి. మీ విషయంలో సరిగ్గా ముందున్నది 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి దాకా ఉన్న కాలం. ఆ ఆరు నెలలూ మీరు పనిలోనే ఉన్నారు. కాబట్టి 78 రోజుల దగ్గర మీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ‘రెండేళ్లు’ అన్నచోట వచ్చింది.

కాంట్రాక్టరు మారినప్పుడు కొత్త కాంట్రాక్టరు క్లర్కు మీ పాత ఐపీ నంబరు, అంటే ఈఎస్‌ఐ బీమా నంబరు, అడిగి దాన్నే కొనసాగించాలి. పది అంకెల ఆ నంబరు మనిషికి జన్మంతా ఒకటే ఉండాలి. కానీ ఒకేసారి ముప్పై నలభై మందిని ఎక్కించేటప్పుడు పాత నంబర్లు వెతకడం కంటే కొత్తవి పుట్టించడం తేలిక. పాత రికార్డులో ఇంటిపేరు ముందుండి కొత్తదాంట్లో వెనకుంటే, లేదా ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు ఉంటే ఒకే మనిషికి రెండు నంబర్లు తయారవుతాయి. మీకూ అదే జరిగి ఉంటుంది. 2024 మార్చి పేస్లిప్, ఏప్రిల్ పేస్లిప్ పక్కపక్కన పెట్టి ఈఎస్‌ఐ నంబరు పోల్చి చూడండి. వేరుగా ఉంటే ‘అర్హత లేదు’ ఎందుకొచ్చిందో తేలిపోయినట్టే. కొత్త నంబరు కింద మీ సర్వీసు 2024 ఏప్రిల్ నుంచి 2025 ఆగస్టు దాకా, 17 నెలలు. రెండేళ్లకు ఏడు నెలలు తక్కువ. రెండు నంబర్లూ కలిపితే మూడేళ్ల ఎనిమిది నెలలు.

దీనికి బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. రెండు ఐపీ నంబర్లూ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ కాంట్రాక్టరు కింద చేశారన్నదీ, రెండూ ఒకే మనిషివని కలపమని రాయండి. ఆధార్ కాపీ, రెండు కాలాల పేస్లిప్‌లు, పెహచాన్ (ఈఎస్‌ఐ గుర్తింపు) కార్డులు ఉంటే వాటి కాపీలు జతచేయండి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. పేర్లలో తేడా ఉంటే అదే అర్జీలో చెప్పండి, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రికార్డు ఉండాలి. ఇది తేలకుండా మళ్లీ మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టినా అదే జవాబు వస్తుంది.

ఇప్పుడు ఎంత వస్తుందో చూద్దాం. ఆఖరి జీతంలో సగం వస్తుందని చాలామంది అనుకుంటారు, లెక్క అలా ఉండదు. పని పోవడానికి ముందున్న నాలుగు చందా కాలాల్లో ఈఎస్‌ఐ రికార్డులో పడిన మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. అందులో సగం రోజు మొత్తం. 2023 ఏప్రిల్ నుంచి ఏడాది 16,000 చొప్పున, 2024 ఏప్రిల్ నుంచి ఏడాది 17,000 చొప్పున మీకు పడిందనుకుందాం. మొదటి ఏడాది 1,92,000, రెండో ఏడాది 2,04,000, కలిపి 3,96,000. 730తో భాగిస్తే రోజుకు 542 రూపాయల 47 పైసలు. అందులో సగం 271 రూపాయల 23 పైసలు. 90 రోజులకు సుమారు 24,411 రూపాయలు. మీ 17,500 జీతం 2025 ఏప్రిల్ తర్వాతదైతే అది ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. 730 మారదు. జీతం కోతపడిన సెలవులున్నా, రెండు నెలలు పని లేకపోయినా భాగించేది 730తోనే కాబట్టి రోజు మొత్తం తగ్గుతుంది. రెండోది, రికార్డులో పడిన జీతమే లెక్క. కొందరు కాంట్రాక్టర్లు చేతికి 17,000 ఇస్తూ ఈఎస్‌ఐకి 11,000 చూపిస్తారు. అప్పుడు రెండేళ్ల మొత్తం 2,64,000. 90 రోజులకు వచ్చేది 16,274. అంటే మీకు 8,137 తగ్గుతుంది. చందా ఓవర్‌టైం మీద కూడా కట్టాలి, అది రికార్డులో ఉంటే మీ సగటు పెరుగుతుంది. ఐపీ పోర్టల్‌లోకి వెళ్లి చందా వివరాల పేజీ తెరిస్తే నెలవారీగా ఎన్ని రోజులు, ఎంత జీతం అని రెండు గళ్లుంటాయి. పేస్లిప్‌తో నెలనెలా సరిచూసుకోండి. తేడా ఉన్న నెలలు రాసుకుని ఫిర్యాదు ఇవ్వండి. జీతంలో కోసి కట్టకపోతే ఆ తప్పు మీది కాదు. పథకం నిబంధన ‘చెల్లించిన, లేదా చెల్లించాల్సిన చందా’ అంటుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఈఎస్‌ఐ చట్టం ప్రకారం ఆ బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది. కాబట్టి ఫిర్యాదులో కాంట్రాక్టరు పేరుతోపాటు కంపెనీ పేరు కూడా రాయండి.

ఆ రాజీనామా కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీకు జరిగిన నష్టంలో పెద్ద భాగం అక్కడే ఉంది.

మనిషిని పనిలోంచి తీసేస్తే యజమానికి ఖర్చుంది. మీ పని పోయింది ఆగస్టులో, అంటే 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రాకముందు కాబట్టి మీకు వర్తించేది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులోని 25-ఎఫ్ సెక్షన్ ప్రకారం ఏడాదిలో 240 రోజులు చేసిన కార్మికుణ్ని తీసేయాలంటే నెల ముందు నోటీసు, లేదా నెల జీతం ఇవ్వాలి. దానిపైన పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కించాలి. మూడేళ్ల ఎనిమిది నెలలంటే నాలుగేళ్లు, 60 రోజుల జీతం, సుమారు 35,000. నోటీసు నెల 17,500 కలిపితే 52,500. ఈఎస్‌ఐ ఇచ్చే 24 వేలకు ఇది రెండింతలకు పైనే. రెండో కాంట్రాక్టరు తన దగ్గర 17 నెలలే చేశారని, 15 రోజులకే బాధ్యుణ్నని వాదిస్తాడు. పని, చోటు, సూపర్‌వైజరు మారలేదన్నది మీ వాదన, అది చిన్న విషయం కాదు. ‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అన్న ఒక్క వాక్యంతో ఈ మొత్తమంతా ఎగిరిపోతుంది. ఆ కాగితం మీద సంతకం చేయించుకునేది అందుకే.

పైగా రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తీసేయడం) అని నమోదైతే ఈఎస్‌ఐలోనే ఇంకో పథకం ఉంది, 2005 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, పనికి సంబంధం లేని గాయంతో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చినా మొదటి 12 నెలలు సగటు జీతంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు ఇస్తారు. మొదటి ఏడాదికే మీ జీతం మీద లక్ష రూపాయల దరిదాపుకు వస్తుంది. 90 రోజుల పథకం గురించి నెట్ సెంటర్లకు కూడా తెలుసు. రెండేళ్లు వచ్చే ఈ పథకం గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. యజమాని కాగితం మీద రిట్రెంచ్‌మెంట్ అని ఒప్పుకోకపోవడమే దీనికి అడ్డం. ఒకే రోజులకు రెండు పథకాల డబ్బూ తీసుకోవడం కుదరదు.

అందుకని మీరు రెండు దారుల్లోనూ ఒకేసారి నడవాలి. కాంట్రాక్టరుకూ కంపెనీకీ చెరొక ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు దాచండి. ఆగస్టు 30న పని లేదని పద్దెనిమిది మందిని ఒకేసారి ఆపారనీ, జీతం ఇచ్చేటప్పుడు సారాంశం చెప్పకుండా సంతకం తీసుకున్నారనీ, మీరు మానేయలేదనీ, పనిలోకి తీసుకోండి లేదా చట్టప్రకారం పరిహారం ఇవ్వండి అనీ రాయండి. తర్వాత కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ఫిర్యాదు వేయండి. 2-ఏ సెక్షన్ కింద ఒక్క కార్మికురాలు కూడా వివాదం లేవనెత్తవచ్చు, యూనియన్ ఉండి తీరాలని లేదు. రాజీకి దరఖాస్తు పెట్టిన 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. 1947 చట్టం ప్రకారం దానికి గడువు పని పోయిన తేదీ నుంచి మూడేళ్లు. పద్దెనిమిది మందీ కలిసి వెళ్తే మీ చేతికి మంచి సాక్ష్యం దొరుకుతుంది. ఒకే తేదీ, ఒకే వాక్యం ఉన్న పద్దెనిమిది రాజీనామాలు చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. ‘సోమవారం నుంచి రావద్దు’ అని సూపర్‌వైజరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లోనే కాక బయట కూడా భద్రపరచండి. ఫోన్ పోతే సాక్ష్యం పోతుంది.

ఆ కాగితం 90 రోజుల డబ్బుకు కూడా అడ్డొస్తుందా? రావచ్చు. క్రమశిక్షణ చర్యగా తీసేసినా, పదవీ విరమణ అయినా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా ఈ సాయం రాదన్నది నిబంధన. రాజీనామాను బ్రాంచి మేనేజరు స్వచ్ఛందం కింద జమకట్టే వీలుంది. పోర్టల్‌లో కాంట్రాక్టరు ఏం పెట్టాడో కూడా చూడాలి. ఎవరికైనా ఒక నెల సున్నా రోజులు చూపిస్తే కారణం ఎంచుకోమని పోర్టల్ అడుగుతుంది. ‘సెలవులో ఉన్నారు’, ‘పని మానేశారు’, ‘రిట్రెంచ్‌మెంట్’, ‘పని లేదు’ వంటివి ఆ జాబితాలో ఉంటాయి. కారణం లేకుండా వదిలేసినా, ‘సెలవు’ అని పెట్టినా మీరింకా పనిలో ఉన్నట్టే కనిపిస్తుంది, క్లెయిము కదలదు. ఆఖరి పనిరోజు ఆగస్టు 30 అని, కారణం ‘పని లేదు’ లేదా ‘రిట్రెంచ్‌మెంట్’ అని దిద్దమని మీ ఉత్తరంలోనే కాంట్రాక్టరును అడగండి. అతను దిద్దకపోతే ఆ ఉత్తరం, స్పీడ్ పోస్టు రసీదు, లేబర్ ఆఫీసు ఫిర్యాదు కాపీ మూడూ క్లెయిముకు జతచేసి బ్రాంచిలో ఇవ్వండి.

ఇక క్లెయిము పెట్టే పని. పని పోయిన 30 రోజులు దాటాక ఇది అడగొచ్చు, ఏడాది లోపు పెట్టాలి. రాబోయే తేదీలకు క్లెయిము తీసుకోరు. ఆగస్టు 30 తర్వాత మూడు నెలలు దాటాయి కాబట్టి మీ 90 రోజులూ గడిచిపోయాయి. ఆగస్టు 31 నుంచి నవంబరు 28 దాకా అని ఒకేసారి మొత్తం పెట్టొచ్చు. ఈ మధ్యలో ఎక్కడైనా ఈఎస్‌ఐ ఉన్న పనిలో చేరి ఉంటే, చేరిన ముందు రోజు దాకానే తేదీ వేయండి. అన్నీ ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి, దాస్తే దొరుకుతుంది, తీసుకున్నది వెనక్కి కట్టాలి.

ఈఎస్‌ఐ వెబ్‌సైట్‌లో బీమా చేసుకున్న వ్యక్తి లాగిన్‌లోకి ఐపీ నంబరుతో వెళ్లి, ఈ పథకం క్లెయిము తెరిచి, తేదీలు, బ్యాంకు వివరాలు నింపి, ఆధార్ కాపీ, పాస్‌బుక్ మొదటి పేజీ అప్‌లోడ్ చేయాలి. అవి అప్‌లోడ్ అయితే కాగితాలు తీసుకెళ్లాల్సిన పని లేదు. అప్‌లోడ్ కాకపోతే ప్రింటు తీసి సంతకం చేసి బ్రాంచిలో ఇవ్వాలి. మీ కేసులో రాజీనామా చిక్కు ఉంది కాబట్టి ఎలాగూ స్వయంగా వెళ్లడమే మంచిది. స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలని, నోటరీ ఖర్చులని ఎవరన్నా డబ్బు అడిగితే నమ్మకండి. ఆ షరతును 2020 నవంబరులోనే ఎత్తేశారు.

మంజూరైన డబ్బు చివర్లో ఆగిపోయేది బ్యాంకు దగ్గర. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఖాతాయే రికార్డులో ఉండిపోతుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇప్పుడు పనిచేయదు. మీ ఖాతా ఊళ్లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో ఉంటే, తెలంగాణలోని దాని శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్ చూసి కోడ్ నింపకండి, బ్యాంకుకెళ్లి కొత్త పాస్‌బుక్ తీసుకోండి. ఖాతా మీ ఒక్కరి పేరు మీద, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో ఉండాలి. భర్త ఖాతా ఇస్తే క్లెయిము తిరిగొస్తుంది.

బ్రాంచిలో ‘రాదమ్మా’ అని నోటిమాటతో పంపేస్తే ఊరుకోకండి. కారణం రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే ఆదర్శ్‌నగర్‌లోని ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టండి. ఉచిత ఫోన్ నంబరు 1800-11-2526. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా వేయొచ్చు, అక్కడ ఇచ్చే నంబరుతో ఫిర్యాదు ఎంతదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

వైద్యం సంగతి మీరు అడగలేదు కానీ తెలుసుకోండి. పని పోయింది కదా, ఆస్పత్రి కార్డు కూడా పోయినట్టేనని చాలా కుటుంబాలు ఆ రోజు నుంచే ప్రైవేటుకు పరిగెత్తుతాయి. 2025 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మీకు 78 రోజులకు మించే చందా పడింది. ఆ చందా కాలానికి లాభం పొందే కాలం 2026 జనవరి 1 నుంచి జూన్ 30. అప్పటిదాకా డిస్పెన్సరీ, ఈఎస్‌ఐ ఆస్పత్రి మీకూ మీ మీద ఆధారపడినవాళ్లకూ ఉన్నట్టే. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు ఇంట్లో ఉంటే అక్కడే తెచ్చుకోండి.

పీఎఫ్ మాత్రం ముందుగా ముట్టుకోకండి. అవసరం మరీ పడితే నిల్వలో 75 శాతం దాకా తీసుకోవచ్చు, మొత్తం ఊడ్చేయకండి. పింఛను భాగం తీసేస్తే పింఛనుకు కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్క మళ్లీ మొదటికొస్తుంది, మీకు ఇప్పటికే మూడేళ్ల ఎనిమిది నెలలున్నాయి. రెండో కాంట్రాక్టరు దగ్గర పీఎఫ్‌కు కూడా కొత్త యూఏఎన్ (మనిషికి ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) పుట్టించాడేమో చూడండి. అలాగైతే పాత ఖాతాను కొత్తదానికి బదిలీ పెట్టుకోవాలి. ఎగ్జిట్ తేదీ, అంటే పని ఆగిన తేదీ, కాంట్రాక్టరు వేయకపోతే, ఆఖరి చందా పడిన నెల నుంచి రెండు నెలలు దాటాక యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఆ రెండు నెలలూ మీకు గడిచిపోయాయి, కాబట్టి ఇప్పుడే వేసుకోవచ్చు. అక్కడ కూడా తేదీ ఆగస్టు 30 అనే వేయండి. ఈఎస్‌ఐలో ఒక తేదీ, పీఎఫ్‌లో ఇంకో తేదీ ఉంటే రేపు లేబర్ ఆఫీసులో కాంట్రాక్టరు చూపించేది ఆ తేడానే.